నలభై రెండో రాయి

1984 ఏప్రిల్‌లో మా కోట ఊళ్లో ఉన్న చెక్కడపు రాళ్లన్నింటినీ నోటుబుక్కులో ఎక్కించే పని నామీద పడింది. అప్పటికి నేను అక్కడి బడిలో ఎనిమిదేళ్లుగా టీచర్ని. పురావస్తు ఆఫీసు నుంచి వచ్చిన పెద్దాయన, "ఏ ఇంట్లో ఏ రాయి ఉందో మేమడిగితే చెప్పరమ్మా, మీరడిగితే చెప్తారు" అన్నాడు. లెక్క తేలడమంటే నాకూ ఇష్టమే కనుక ఒప్పుకున్నాను.

కాకతీయుల రాజధాని మా పెరళ్లలోనే ఉండేది. మట్టికోట దాటి, రాతికోట దాటి లోపలికి వస్తే నాలుగు తోరణాలు నిలబడి ఉంటాయి. వాటి నడుమ ఉన్న గుడి 1323లో ఢిల్లీ సైన్యం వచ్చినప్పుడు కూలింది. ఆ రాళ్లు వందల ఏళ్లు నేలమీదే పడి ఉన్నాయి. ఊరివాళ్లు ఇల్లు కట్టుకునేటప్పుడు చేతికందిన రాయి తెచ్చుకున్నారు. ఒకరికి మెట్టు, ఒకరికి కుడితి తొట్టి కింద దిమ్మె, ఒకరికి బట్టలుతికే బండ. వాటిని మళ్లీ తోరణాల దగ్గరికి చేర్చాలని ఆఫీసువాళ్ల ఆలోచన.

బడి వదిలాక టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పొడవు, వెడల్పు, మందం, అన్నీ అంగుళాల్లో. మూడో ఇంట్లోనే ఒక ముసలాయన మెట్టుమీద గోనెసంచి పరిచి కూర్చున్నాడు.

"జర లేవు తాతా, కొలుస్త."

"ఇది ఉత్త మెట్టు బిడ్డా. మా తాత నాటిది."

"మరి దాని మీద హంసలెందుకున్నయ్?"

"ఏమో, వానకు తడుస్తాన్నమని వచ్చి కూసున్నయేమో!"

నవ్వుతూనే లేచాడు. లేచాక మెల్లగా అడిగాడు, "రాళ్లు గుంజుకపోయినంక ఇండ్లు గూడ తీసేయుమంటరా?" అందరి భయమూ అదే. నాకు తెలియదని ఉన్నమాటే చెప్పాను.

పదకొండు రోజుల్లో నలభై ఒక్క రాళ్లు అయ్యాయి. మర్నాడు జాబితా ఇవ్వాలనగా, బావి దగ్గర మా వెనకింటి ఆవిడ కడవ దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అందరి ఇండ్లల్లయి ఎక్కిస్తాన్నవు గని, మీ అత్త కారం దంచే రోలు ఎక్కిచ్చినవా టీచరమ్మా?"

ఎక్కించలేదు. మరిచిపోయీ కాదు. మా పెరట్లో నేలలోకి పాతిన ఆ రోలు గుడి బండేనని చూస్తేనే తెలుస్తుంది. రెండడుగుల చదరం, నల్లరాయి. పైన చెక్కడం లేదు కనుక లెక్కలోకి రాదని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. మా మామ పోయాక అత్తమ్మ ఆ రోట్లో ఇరవై ఏళ్లు ఊరివాళ్లకు కారం, పసుపు దంచిపెట్టి పిల్లల్ని సాకింది. ఆ రోలు పోవడానికి నా చెయ్యి కారణం కాకూడదనుకున్నాను.

ఇంటికి వెళ్లేసరికి ఆమె ముక్కుకు కొంగు కట్టుకుని, ఎనుమాముల మార్కెట్టు నుంచి తెచ్చిన మిరపకాయలు దంచుతోంది.

"ఎన్నయినయ్ బిడ్డా?"

"నలభై ఒకటి, అత్తమ్మా."

"పిల్లలకు లెక్కలు చెప్పేదానివి. నలభై రెండు."

రోకలి గోడకు ఆనించింది. "గడ్డపార తెమ్మను మావాన్ని. ఇది బోర్లేసి ఉన్నది. నీకెట్ల తెలుస్తది?"

మా ఆయన, వెనకింటాయన కలిసి బండను లేపి తిరగేశారు. మట్టి కడిగితే పద్మం బయటపడింది. మూడు వరుసలు, వరుసకు ఎనిమిది రేకులు. ఇరవై నాలుగు రేకుల్లో ఒక్కటీ విరగలేదు.

"నేను కాపురానికచ్చిన్నాడే మా అత్త చెప్పింది," అంది అత్తమ్మ. "పువ్వు మీద రోకలి పడొద్దని వాళ్ల పెద్దలు బోర్లేసి, ఎనుక దిక్కు గుంట తొలిపిచ్చిండ్రట."

"ఇల్లు తీసేస్తరని భయం లేదా?"

"ఎందుకు లేదు? ఉన్నది. గని అందరియి రాసి మనది దాస్తే, రేపు ఏ మొఖం పెట్టుకొని బాయికాడికి పోతవు?"

ఆ రాయినీ ఎక్కించాను. వాడుక అన్న గడిలో "కారం దంచుటకు" అని రాశాను. జూన్‌లో బండి వచ్చి దాన్ని తోరణాల దగ్గరికి తీసుకుపోయింది. ఇళ్ల జోలికి ఎవరూ రాలేదు. అత్తమ్మ కొత్త రోలు కొనుక్కుంది. అందులో దంచిన కారానికి ఘాటే లేదని, పోయేదాకా, అంటే ఆరేళ్లు, సణుగుతూనే ఉంది.

ఇప్పటికీ ఏడాదికొకసారి వెళ్లి చూస్తాను. పువ్వు పైకి ఉంది. గుంట నేలవైపుకు పోయింది కనుక ఎవరికీ కనబడదు. వచ్చినవాళ్లు చెక్కినవాడిని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. తర్వాత, ఒకరి తర్వాత ఒకరుగా ఆ పెరట్లో కారం దంచిన అత్తలందరికీ దండం పెట్టుకుంటాను. వాళ్లు బోర్లా వేసి ఉంచకపోతే, ఆ ఇరవై నాలుగు రేకుల్లో నాకు లెక్కపెట్టడానికి ఎన్ని మిగిలేవో.