జీపులో అగ్నిదేవుడికి ఉద్వాసన

నేను ఆత్మకూరుకు కాపురానికి వచ్చేసరికే ఆ జీపు మా మామగారి ఇంట్లో ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన బండి. మా మామగారిది వేరుశనగ వ్యాపారం. వాన పడితే నల్లరేగడి పల్లెల్లో ఎద్దులబండ్లు ఇరుసుదాకా దిగబడేవి. జీపయితే నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ ఎంత బురదలోంచైనా బయటికొస్తుందని ఎవరో చెబితే కొన్నారు. దాని స్టీరింగు ఎడమవైపు ఉండేది. మా అత్తగారు కుడివైపు కూర్చుంటే, ఎదురొచ్చే బండ్లవాళ్లు నడిపేది ఆవిడేననుకొని బండ్లను చేలోకి దించేసుకునేవాళ్లు. వాళ్లు మర్యాద చేస్తున్నారని ఆవిడ అనుకునేది.

నేను కాపురానికొచ్చిన ఏడు, దసరా వెళ్లిన వారంలో, ప్రొద్దుటూరులో మా చెల్లెలి కొడుకుకు నామకరణం వచ్చింది. తొలిచూలు బిడ్డ. ముందురోజు పొద్దున్నే జీపులో బయలుదేరాలని మా ఆయన, నేను, అత్తామామలు, నలుగురం సిద్ధమయ్యాం. చీర, మిఠాయి డబ్బా, వెండి గిన్నె పట్టుకొని నేను వాకిట్లో నిలబడ్డాను.

మా ఆయన కాలికింద ఉన్న స్టార్టరు తొక్కారు. ఇంజను గిర్రున తిరిగింది కాని అంటుకోలేదు. మళ్లీ తొక్కారు, అదే పని. దిగి పెట్రోలు చూశారు, ఉంది. హారను నొక్కితే మోగింది, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది.

"నిప్పు వస్తాండ్లేదు" అన్నారు.

ఆయనకు డ్రైవింగు నేర్పింది ఒక మాజీ సిపాయి. ఇంజనులోకి పెట్రోలు పోతే చాలదని, ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వ పుడితేనే అది మండుతుందని అతను చెప్పాడట. ఒక ప్లగ్గు ఊడదీసి, దాని వైరు దానికే తగిలించి ఇంజను ఇనుముకు ఆనించి, స్టార్టరు తొక్కితే రవ్వ కనబడాలి. ఆయన అట్లాగే చేశారు. అయితే వాకిలంతా ఎండ. రవ్వ వచ్చినా కనబడదు.

"మ్మే, కంబళి తీసకరా. నువ్వు గూడ చూడు, నీ కండ్లు మంచివి" అన్నారు.

ఇంజను మీద కంబళి కప్పి మేమిద్దరం తలలు లోపలికి దూర్చాం. లోపల ఆయిలు వాసన, ఉక్క, మా ఇద్దరి ఊపిరి. పట్టపగలు వాకిట్లో కొత్త దంపతులు ఒకే కంబళి కింద ఉండటం చూసి మా అత్తగారు గట్టిగా దగ్గింది. గోడవతల పక్కింటి అవ్వ కూడా దగ్గింది.

"అమా, ఊరికే దగ్గొద్దు. ఎక్కి కూచోని స్టార్టరు తొక్కు" అని కంబళిలోంచే మా ఆయన కేకేశారు.

"మొన్ననే పూజ చేసిన బండి. కాలితో తొక్కేదెట్లప్పా?"

"దండం పెట్టుకోని తొక్కు."

ఆవిడ స్టార్టరుకు చేత్తో దండం పెట్టుకొని, కళ్లకద్దుకొని, తర్వాత మెట్టెల కాలితో తొక్కింది. తొక్కిన ప్రతిసారీ అదే వరస. ప్లగ్గు దగ్గర చీకటే తప్ప ఏమీ కనబడలేదు.

రవ్వకు బలమిచ్చే కాయిలు దాకా కరెంటు వస్తోందో లేదో చూడాలన్నారు. కాయిల్లోంచి వచ్చే లావు వైరును ఇనుముకు నూలుపోగంత ఎడంలో ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ పని మామగారికి పడింది. వేరుశనగ మూటల మీదనుంచి జారిపడినప్పటినుంచి ఆయన కుడిచేయి రొమ్ము దాటి పైకి లేచేది కాదు. ఆ చేత్తోనే వైరు పట్టుకొని బండికి ఆనుకొని బుద్ధిగా నిలబడ్డారు. అక్కడా రవ్వ లేదు. పైగా స్టార్టరు తొక్కినప్పుడు మీటరు ముల్లు వణకాల్సింది, అదీ కదల్లేదు.

"అయితే పాయింట్ల కాడనే ఉండాది రోగం" అని మా ఆయన గుండ్రటి నల్లమూత ఊడదీశారు. దాని కింద రెండు చిన్న ఇనుప నాలుకలుంటాయి. అవి కలిసి విడిపోతుంటేనే రవ్వ పుట్టేది. ఆ రెంటి మధ్యన ఎర్రగా, జిగటగా ఏదో ఉంది. నేను వేలితో తీసి వాసన చూశాను. కుంకుమ, ఆముదం.

"ఈడ కుంకం ఎవురు పెట్టినారు?" అన్నారు మా ఆయన.

"నేనే" అంది మా అత్తగారు, సీట్లోంచి దిగకుండా. "ఆయుధపూజనాడు మూత తీసి చూపిచ్చింది నువ్వే కదప్పా, నిప్పు పుట్టేది ఈడేనని."

"చూపిస్తే బొట్టు పెడతావా?"

"నిప్పు పుట్టే తావుకు పెట్టకుండా చక్రాలకు పెట్టేదేంది? దినామూ పొయ్యికి పెట్టనా నేను?"

"మరి ఆముదం?"

"ఉత్త కుంకమైతే రాలిపోతాది."

మా ఆయన గుడ్డపీలికను పెట్రోల్లో ముంచారు. అత్తగారు దిగివచ్చి ఆ గుడ్డ లాక్కుంది.

"బొట్టు చెరుపుతావా? మీ నాయన ఎదురుగా ఉండాడే."

మామగారు వైరు వదలకుండానే బండి వైపు చూశారు. "బండి నా పేరు మీదనే ఉండాది" అన్నారు మెల్లగా.

ఆ మాటతో మా ఆయన చేతులు కూడా ఆగిపోయాయి. ఎండ నెత్తికెక్కుతోంది. చెల్లెలు వీధి వైపు చూస్తూ ఉంటుందని నాకు దిగులు పట్టుకుంది. "అత్తా, పూజ అయినంక దేవునికి ఉద్వాసన చెప్తాము కదా. చెప్పినంక తీస్తే చెరిపినట్ల కాదు, నిర్మాల్యం తీసినట్ల" అన్నాను. ఆ మాట ఆవిడకు నచ్చింది. నచ్చేసరికి పద్ధతిగా చేయాలంది. అక్షింతలు తెచ్చింది, పువ్వు తెచ్చింది, కర్పూరం కూడా తెచ్చింది.

"అమా, పెట్రోలు" అన్నారు మా ఆయన.

"అగ్నిదేవునికే హారతి వద్దంటే ఎట్లప్పా?"

చివరికి హారతిని వీధి గడప దగ్గర వెలిగించి, అక్కడినుంచే జీపు వైపు చూపించేలా ఒప్పందమైంది. గాలికి రెండుసార్లు ఆరిపోయింది. స్వామివారిని స్వస్థానానికి వెళ్లమని అడిగి, మళ్లీ దసరాకు రమ్మని చెప్పి, ఆవిడ తనే బొట్టు తుడిచింది. మా ఆయన గరుకు ఉప్పుకాగితంతో పాయింట్లను సన్నగా రుద్ది, "అమా, తొక్కు" అన్నారు.

మామగారు వైరు ఇంకా పట్టుకొనే ఉన్నారని ఎవరికీ తోచలేదు. వైరుకున్న రబ్బరు ఎప్పుడో పగిలిపోయింది. అత్తగారు దండం పెట్టుకొని తొక్కింది. మామగారి కుడిచేయి, జెండా ఎగరేసినట్లు, నిటారుగా చెవి పక్కకు లేచింది. వైరు ఎగిరి ఇంజను మీద పడింది. ఆయన తలెత్తి తన చేతిని తనే చూసుకున్నారు. దించారు. మళ్లీ ఎత్తారు. లేచింది.

"ఇంగొక తూరి తొక్కు" అన్నారు.

"నాయనా, జాలు. పోవల్ల."

"నువ్వుండప్పా. భుజంలో ఇంగా కొంచెం పట్టు ఉండాది."

అత్తగారు మొగుడి మాటే విన్నది. పక్కింటి అవ్వ దగ్గడం మానేసి మోకాలు పట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది. ఆమె వెనక ఇంకెవరెవరో వచ్చారు. కాళ్లు కడుక్కొని రమ్మని అత్తగారు వాళ్లకు సీటు మీదనుంచే చెబుతోంది. మిఠాయి డబ్బా పట్టుకొని నిలబడ్డ నాకు ఏడుపొచ్చింది. మా ఆయన అందరినీ బతిమాలి వైరు లాక్కొని, మూత బిగించి స్టార్టరు తొక్కేసరికి, ఇంజను ఒక్కసారి మూలిగి ఊరుకుంది. బ్యాటరీలో ఉన్న కరెంటంతా మామగారి భుజంలోకీ అవ్వ మోకాల్లోకీ పోయింది. ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పినా, కాయిలుకు ఇవ్వడానికి అందులో చుక్క మిగల్లేదు.

మధ్యాహ్నం బస్సెక్కాం. సీట్లు ఖాళీగా ఉన్నా మామగారు కుడిచేత్తో పైకమ్మీ పట్టుకొని నంద్యాల దాకా నిలబడే వచ్చారు. నంద్యాలలో ప్రొద్దుటూరు బస్సు తప్పింది. మర్నాడు మేము చేరేసరికి నామకరణం అయిపోయి, విస్తర్లు కూడా ఎత్తేశారు. ఆ చేయి పక్షం రోజుల్లో మళ్లీ రొమ్ముదాకా దిగిందనుకోండి. ఆరోజు మాత్రం ఆయన ఆ ఇంట్లో అందరికీ ఎత్తి చూపించారు.

మా చెల్లెలు నాతో మాట్లాడలేదు. ముఖం అటు తిప్పుకొని బిడ్డను ఒళ్లో వేసుకొని కూర్చుంది. ఎందుకు ఆలస్యమయిందో నేను మొదటినుంచీ చెప్పుకొచ్చాను. కంబళి దగ్గర కూడా ఆమె నవ్వలేదు. గడప దగ్గర హారతి అనగానే పొట్ట పట్టుకుంది. ఆ నవ్వుకు ఒళ్లో బిడ్డ లేచి ఏడుపందుకున్నాడు.

"నువ్వే ఎత్తుకో, నా వల్ల కాదు" అని వాణ్ని నా చేతుల్లో పెట్టింది.

మేము రాకముందే పెట్టేసిన పేరు ఏమిటో అడిగి తెలుసుకొని, వాడి చెవిలో నేనూ చెప్పాను. వాడు ఏడుపు ఆపలేదు.