గాజుసీసా కింద అంజూర కొమ్మ

అక్క చేసిన చివరి పని ఒక కొమ్మ పాతడం. చలికాలం పోతాను పోతానంటూ ఇంకా గుమ్మంలోనే నిలబడ్డ రోజులవి. చెల్లెలి ఇంటి వెనక అంజూర చెట్టుకి మందుకైనా ఆకు లేదు. "ఈసారి నువ్వే కొయ్యవే, నా చెయ్యి వణుకుతోంది" అని అక్క కత్తెర చేతికిచ్చింది. చెల్లెలు జానెడు కొమ్మ కోసుకొచ్చింది. అక్క దాని రెండు కొసలూ తడిమి చూసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, బొటనవేళ్ళతో చుట్టూ నొక్కింది. మైనపుముద్ద మెత్తగా నలిపి పైకొసకి అద్దింది. ఆపైన గాజుసీసా బోర్లించింది.

"కదపకు. ఇది నీదే" అంది.

చెల్లెలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి అక్క వెనకవసారా కుర్చీలో తల పక్కకి వాల్చి ఉంది. వేళ్ళ మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. మనిషి మాత్రం లేదు.

అక్క బతుకంతా ఒక దర్జీ కొట్లో కాజాలు కుట్టింది. మిగిలిన బతుకు కిటికీ గట్ల మీద గడిపింది. ఒంటరి మనిషి. మేడ మీద ఒక్క గది. చలి విరిగే వేళకి ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. సీసాల్లో, డబ్బాల్లో, పగిలిన కప్పుల్లో అన్నీ కొమ్మలే. కింది కొస ఏటవాలుగా, పై కొస సమంగా కోయాలన్నది ఆవిడ పట్టుదల. "కాళ్ళేవో తలేదో తెలియకుండా పాతితే ఎవడు బతుకుతాడే?" అనేది.

కొమ్మలు ఎక్కడినుంచి తెస్తుందన్నదే జనానికి గుబులు. ఎవరైనా మంచం పట్టారంటే అక్క సంచిలో కత్తెర వేసుకుని పలకరించడానికి బయలుదేరేది. పెరట్లోంచో, వరండా కుండీలోంచో ఒక కొమ్మ అడిగి తెచ్చుకునేది. కొమ్మ వేరు పట్టే లోపు ఆ మనిషి పోయేవాడు. ఆ తర్వాత మొక్కకి ఆ మనిషి పేరే. "పోస్టుమాన్ బాబాయికి దాహంగా ఉంది", "టీచరమ్మకి ఇవాళ ఎండ పడటం లేదు" అంటూ ఆవిడ గదిలో తిరుగుతుంటే, వచ్చినవాళ్ళు కుర్చీ అంచున కూర్చుని మాట తొందరగా ముగించుకునేవారు.

చెల్లెలి మొగుడొక్కడే ఆవిడని ఆటపట్టించేవాడు.

"వదినా, ఆ కత్తెర కాస్త అవతల పెట్టు. నాకు పొద్దుటినుంచీ తుమ్ములు."

"నీ కొమ్మ ఎవడికి కావాలి మరిదీ? ఉత్త బెరడు. వేరు రాదు, చిగురు రాదు."

కిందటి చలికాలం నుంచి అక్క మరీ మారిపోయింది. చెల్లెలు సాయంత్రం వెళితే గదిలో దీపం ఉండేది కాదు. మసక చీకట్లో, ఆకుల మధ్య, కదలకుండా కూర్చుని ఉండేది. "ఎవరూ?" అని కూడా అనేది కాదు. లేచి వచ్చి చల్లటి వేళ్ళతో చెల్లెలి మొహం అంతా ఒకసారి నిమిరేది. "చిక్కిపోయావే" అనేది. తర్వాత, "ఇవాళ ఏ రంగు కట్టావు?" అని అడిగేది. ఎదురుగా నిలబడ్డ మనిషిని అదేం ప్రశ్న? తన సోకు మీద ఎగతాళి అనుకుని చెల్లెలు మూతి ముడిచేది. ఇంటికి వచ్చాక మాత్రం మొహం రుద్ది రుద్ది కడుక్కునేది. చెంపల మీద మట్టివాసన అలాగే ఉండేది.

అక్క పోయాక కుండీలన్నీ చెల్లెలి ఇంటికి చేరాయి. అంజూర కొమ్మని వంటింటి కిటికీలో పెట్టుకుంది. పరామర్శకి వచ్చిన పక్కింటావిడ దాన్ని చూసి గొంతు తగ్గించింది.

"మీ చెట్టుదేనా అమ్మా?"

"అవును."

"కోసింది మీ అక్కేనా?"

"నేనే కోశాను పిన్నిగారూ. ఆవిడ పాతింది. ఇది నీదే అంది."

పక్కింటావిడ టీ సగంలో వదిలేసి లేచింది.

ఆ రోజు నుంచి చెల్లెలికి తిండి సహించలేదు. అక్క ఎలాంటివాళ్ళ ఇంటినుంచి కొమ్మ తెచ్చేదో ఊరందరికీ తెలుసు. కొమ్మ వేరు పడితే తన పని అయిపోయినట్టే. పోనీ ఎండిపోనిద్దామంటే, అక్క చెయ్యి పెట్టిన ఆఖరి మొక్క అది. నీళ్ళ చెంబు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, పోయలేక, పోయకుండా ఉండలేక, చివరికి నాలుగు చుక్కలు చిలకరించేది. తెల్లవారేసరికి సీసా లోపల ఆవిరి పట్టి ఉండేది, ఎవరో లోపల ఊపిరి తీసినట్టు.

"పారేస్తాను, ఇలా ఇవ్వు" అన్నాడు మొగుడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను."

"మరి నువ్వు ఇలా అయిపోతుంటే నేను చూస్తూ కూర్చోవాలా?"

మిగతా కుండీలన్నీ చిగిర్చాయి. బాబాయి, టీచరమ్మ, అందరూ. అంజూర కొమ్మ మాత్రం పైన మైనం టోపీ పెట్టుకుని మొద్దులా నిలబడింది. ఒకరోజు పొద్దున్నే పాలు కాస్తూ చెల్లెలు అటు చూసింది. మట్టిలోంచి, కొమ్మని ఆనుకుని, తెల్లటి వేలొకటి బయటికి వచ్చి ఉంది. లోపలినుంచి తోసుకొచ్చి, కొక్కెంలా వంగి, రమ్మని పిలుస్తున్నట్టు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మొగుడు పరిగెత్తుకొచ్చి సీసా ఎత్తి, ఆమె వద్దంటున్నా వినకుండా వేలితో మట్టి పక్కకి తీశాడు.

"చిగురే ఇది! నేల కింద మొలిచి, తల వంచుకుని పైకొస్తోంది. ఇదేం పిచ్చి మొక్క?"

చెల్లెలు కుండీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. చెట్టు పక్కన పెట్టి చూసింది. చెట్టు మీద మొగ్గలన్నీ ఆకాశం వైపు చూస్తున్నాయి. కుండీలో కొమ్మ మీద మొగ్గలన్నీ నేల వైపు చూస్తున్నాయి. కొమ్మ తలకిందులుగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కంగారులో ఏటవాలు కోత తను పై కొసకి పెట్టింది. అక్క వేలితో తడిమి, ఏటవాలు తగిలిన కొసని మట్టిలోకి దించింది. ఒక్కసారి కళ్ళతో చూస్తే పసిపిల్లకైనా తెలిసే తప్పు. అక్క చూడలేదు.

అక్క కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తాను తిరిగిచ్చే వంకతో చెల్లెలు ఆ మధ్యాహ్నమే దర్జీ కొట్టుకి వెళ్ళింది. దర్జీ కత్తెర పక్కన పెట్టి స్టూలు జరిపాడు.

"అక్కకి చూపు సరిగా ఉండేదా అన్నా?"

ఆయన ఆమె మొహంలోకి వింతగా చూశాడు.

"చూపా? అదెప్పుడో పోయిందిగా అమ్మా. మీకు తెలుసనే అనుకున్నాను. కాజా మాత్రం ఒక్కటీ తప్పేది కాదు, వేళ్ళకే కళ్ళుండేవి. పొద్దున్నే సూదులన్నిటికీ దారం ఎక్కించి నేనే గుచ్చి పెట్టేవాణ్ణి."

ఆయన అంగుస్తాను అరచేతిలో వేసుకుని కాసేపు తిప్పాడు.

"ఒక్కో సూదీ చేతికి తీసుకుని, ఇది ఏ రంగు అని అడిగేది."