పొయ్యిలోకి పోయిన కంప

దేశమంతా మూసేశారని తెలిసినప్పుడు నేనూ మా అత్తా కర్నూల్లో కంటి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అరటిపళ్ళు తింటున్నాం. అత్తకు ముందురోజే కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టి పంపించారు. వాటిల్లో ఆమె రిటైరైన రౌడీలా ఉందన్నాను.

"రిటైరు గాలే ఇంకా" అంది అత్త.

మేం వేసుకున్న పథకం చిన్నది. బస్సులో పోవడం, కన్ను చేయించుకోవడం, బస్సులో రావడం. నా భర్త కువైట్లో ఎవరిదో కారు తోలుతున్నాడు. అందుకని మూడేళ్ళ కూతుర్ని ఊళ్ళో పక్కింటి పెద్దమ్మకు అప్పజెప్పి వచ్చాను. బస్సు తప్ప పథకంలో లోపమేమీ లేదు.

కర్నూల్లో అత్త తరఫు దూరపు బంధువులు గది ఇచ్చారు. ఆ వీధిలో ఒకాయనకు జబ్బు తగిలిందని తెలిసింది. మొదట మాకు కాఫీ ఆగింది. తర్వాత మాటలు ఆగాయి. ఒక పొద్దున మా సంచి గుమ్మం బయట కనిపించింది. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. మర్యాదస్తులు.

అయినా ఎక్కడో ఒకచోట తలదాచుకునేవాళ్ళమే. ఫోన్లో పెద్దమ్మ అన్న మాటే నన్ను లేపింది. మొదట్లో నా కూతురు ఫోనందుకుని ఏడ్చేది. ఆ రోజు ఫోను దగ్గరికే రాలేదు.

"బాగనే ఉండాది పాపా. ఏడ్సడంలే. నిన్ను అడగడం గూడా మానేసింది" అంది పెద్దమ్మ, నాకు ధైర్యం చెబుతున్నాననుకుని.

ఏడుస్తోందంటే ఓర్చుకునేదాన్నేమో. అడగడం మానేసిందంటే, ఇంకొన్నాళ్ళకు నేనెవరో చెప్పుకోవాల్సి వస్తుంది. సంచి భుజానికి వేసుకున్నాను. అత్త చెప్పులు తొడుక్కుంది.

మాది జమ్మలమడుగు దాటాక, గండికోట పోయే వైపు ఒక ఊరు. కర్నూలు నుంచి అక్కడికి మనిషి నడిచిపోతాడని అనుకుని ఎవరూ రోడ్డు వెయ్యలేదు. పొద్దునా సాయంత్రం నడిచాం, మధ్యాహ్నం కల్వర్టుల కింద పడుకున్నాం. కొంతదూరం ఒక టమాటా లారీ ఎక్కించుకుంది. అత్తను డ్రైవరు పక్కన, నన్ను టమాటాల పక్కన.

నడకకంటే ఊళ్ళే కష్టం. ప్రతి ఊరి ముందరా తుమ్మకంప నరికి దారికి అడ్డం వేశారు. దాని వెనక ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకున్న మగవాళ్ళు కట్టెలు పట్టుకుని కాపలా. మామూలు రోజుల్లో మా సీమలో అలా దారి కాసేవాళ్ళను వేరే పేరుతో పిలుస్తారు.

మొదటి కంప ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటగానే వచ్చింది.

"ఎవురు? యాడోళ్ళు?" అన్నాడొకతను.

"జమ్మలమడుగు కాడప్పా" అంది అత్త.

"యాడ్నుంచి వస్తాండారు?"

ఆ రోజుల్లో కర్నూలు అనేది బూతుమాట. నేనేం చెప్పాలా అని వెతుక్కునేలోపే అత్త ఎదురు ప్రశ్న వేసింది.

"నీ పెండ్లాముది యా ఊరప్పా?"

అతను తడబడ్డాడు. "బేతంచెర్ల. ఏం?"

"అట్ల జెప్పు. మా చిన్నత్త కూతుర్ని బేతంచెర్లకే ఇచ్చినాం. ఆ తట్టునుంచి చూస్తే నువ్వు నాకు అల్లుడైతావు. అత్త ఎండన పడి వచ్చింటే మంచినీళ్ళన్నా ఇయ్యవా?"

దీన్ని వరుస కలపడం అంటారు. తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే ఒకరికొకరు ఏమవుతారో తేల్చుకోందే కుదురుగా కూర్చోలేరు. పరాయివాణ్ణి కట్టెతో కొట్టొచ్చుగానీ అత్తను కొట్టడానికి అల్లుడికి చెయ్యి రాదు. అతను నీళ్ళసీసా నేలమీద పెట్టి వెనక్కి జరిగాడు. కట్టెతో కంప పక్కకు తోశాడు.

ఊరు దాటాక అడిగాను, బేతంచెర్లలో మనవాళ్ళు నిజంగా ఉన్నారా అని.

"ఉండకుండా యాడికి పోతారు" అంది అత్త.

ఆ తర్వాత ఆమె దారి పొడుగునా తమ్ముళ్ళనూ అల్లుళ్ళనూ మేనకోడళ్ళనూ సంపాదించుకుంటూ వచ్చింది. నేను సంచీ మోసి, కంటి చుక్కలు వేసి, వరుసలు గుర్తుపెట్టుకునేదాన్ని. కోవెలకుంట్ల దగ్గర అవి కలగలిసిపోయాయి.

అక్కడి కంప వెనక వేపచెట్టు నీడలో మంచమేసుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. అత్త కాసేపు మాట్లాడి, ఇద్దరి నాయనల పేరూ ఒకటేనని తేల్చి, ఆయన్ను తమ్ముణ్ణి చేసుకుంది. నా కాళ్ళు కాలుతున్నాయి. ఆయన కంప తియ్యమని చెప్పేలోపు నేను తొందరపడ్డాను.

"మామా, కొంచెం తీపియ్యండి మామా."

అందరూ నన్ను చూశారు. అత్త తమ్ముడు నాకు చిన్నాన్న కావాలి. మామ అంటే అత్త మొగుడు. అప్పుడే పుట్టిన తమ్ముడికి, పుట్టిన చోటే, అక్కనిచ్చి పెళ్ళి చేసేశాను. నేను ఎంకాం ఫస్ట్ క్లాసు.

ముసలాయన ముఖం మీది తువ్వాలు కిందికి లాగాడు. "ఏమక్కా, నీ కోడలు మన ఇద్దురికీ ముడి పెడతాండాది?"

"ఎండకు మతి తప్పిందిలేప్పా. దానికి తోడు సదువుకున్యాది" అంది అత్త.

ఆయన భార్య చేటతో ఇంట్లోంచి బయటికి వచ్చింది. "తీస్కపో మే, మారాజుగా తీస్కపో. ఈడ మంచానికి బరువు తప్ప దేనికీ పనికి రాడంలే."

కాపలావాళ్ళు కట్టెలు కింద పెట్టి నవ్వారు. కంప దానంతటదే పక్కకు జరిగినంత తేలిగ్గా జరిగింది. ఆమె మాకు సంగటి ముద్దలు పెట్టి, దారికి ఇంత బియ్యం, పప్పు, ఒక చిన్న సత్తుగిన్నె, అగ్గిపెట్టె కూడా ఇచ్చింది. మొగుణ్ణి మాత్రం ఉంచుకుంది.

జమ్మలమడుగు దాటి మా ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. మా ఊరి కంప దారిలో చూసిన అన్నిటికంటే బాగా వేశారు. దాని వెనక మా చిన్నమామ, అంటే చనిపోయిన మా మామకు సొంత తమ్ముడు.

"వదినా, ఆడనే నిలబడు. కర్నూలునుంచి వచ్చినోళ్ళను రానీగూడదని ఊరంతా అనుకున్యాం. మండలం కాడ హాస్టల్లో పెడతాండారు. ఆంబులెన్సుకు ఫోన్ జేస్తా."

అత్త నల్లద్దాలు సర్దుకుంది. "నువ్వు నాకేమైతావప్పా?"

"మరిదిని వదినా. అదే గదా కష్టం. మిమ్మల్ని వదిలిపెడితే, మనోళ్ళని వదిలిపెట్నాడంటారు."

వరుసలు అబద్ధమైన ఊళ్ళన్నిటిలో దారి దొరికింది. అన్నీ నిజమైన ఊళ్ళో కొత్తగా కలపడానికి ఏమీ మిగల్లేదు.

వాళ్ళ భయం ఉత్తది కాదు. నాకూ ఉంది. అందుకే న్యాయంగానే అడిగాను. "మామా, మా చేనుకాడ మోటారు కొట్టం ఉండాది. ఆడనే ఉంటాం. గట్టు మీద నిలబెడితే బిడ్డను దూరం నుంచి చూసుకుంటా."

"చేనుకు ఊరి నడుమన పోవల్ల పాపా. కుదరదు. ఊరి రూలు."

"నాదీ అదే ఊరు గదా."

హాస్టలుకు పోతే మళ్ళీ ఎన్నాళ్ళకు వదులుతారో ఎవరికీ తెలియదు. నా కూతురు కంపకు అవతల, నాలుగిళ్ళ దూరంలో, నన్ను అడగడం మానేసి ఉంది.

నేను సంచి దించి దారి మధ్యలో మూడు రాళ్ళు పెట్టాను. అత్త పొద్దుటినుంచి ఏమీ తినలేదు. బియ్యమూ పప్పూ కలిపి గిన్నెలో పోసి, సీసాలోని నీళ్ళు వంచాను. కట్టెలకోసం చుట్టూ చూశాను. బీడు. ఎదురుగా మాత్రం, ఎవరో నాకోసమే నరికి ఎండబెట్టినట్టు, తుమ్మకంప. ఎండిన తుమ్మ ఎంత బాగా మండుతుందో మా వైపు ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక కొమ్మ లాగి కాలితో తొక్కి విరిచాను.

"ఏం జేస్తాండావు పాపా?"

"అన్నం వండుతాండా మామా."

"అది ఊరి కంప."

"నేను ఊరి కోడల్నే గదా."

ఆపాలంటే దగ్గరికి రావాలి, వస్తే నన్ను ముట్టుకోవాలి. వాళ్ళ రూలే నాకు కాపలా కాసింది. కుర్రాళ్ళు పోయి ఇంకో మోపు కంప తెచ్చి దూరం నుంచి విసిరారు.

"లావుటివి వద్దు మామా. పొయ్యికి సన్నటివి వెయ్యమను."

అరచేతుల్లో ముళ్ళు విరిగాయి. తర్వాత తీసుకోవచ్చనుకున్నాను. అత్త కంటికి పొగ తగలకుండా వీపు తిప్పుకుని కూర్చుని, మంట తగ్గితే చెప్పమంది, ఇంకో కొమ్మ తనే లాగుతుందట.

పొగకు ఊరు కదిలింది. వెనకనుంచి పెద్దమ్మ నా కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. నా కూతురు నన్ను చూసి, పెద్దమ్మ మెడను ఇంకా గట్టిగా పట్టుకుంది.

మళ్ళీ కూర్చుని, గరిటె లేదు గనక, గిన్నెలో పుల్లతో కలిపాను.

చాలాసేపటికి అటునుంచి చిన్న గొంతు. "ఏం కూర?"

"కూర లే. ఉత్త పప్పు బువ్వ."

"నాకూ."

పెద్దమ్మ చంకలోంచి జారి దిగింది. కంపలో నేను కాల్చిన మేర, మూడేళ్ళ మనిషి పట్టేంత సందు పడింది. అందులోంచి నడిచి వచ్చింది.

"పాపను పట్టుకోండ్రా" అన్నాడు చిన్నమామ. ఎవరూ కదల్లేదు. పెద్దమ్మ మాత్రం వెనక్కి తిరిగి, కొంగు దులుపుకుంటూ, తనకేమీ సంబంధం లేనట్టు ఇంటికి పోయింది.

నా కూతురు నా ఒళ్ళోకి రాలేదు. ఒక జానెడు దూరం వదిలి చతికిలబడి, గిన్నెలోకి చూస్తూ, ఎందుకు పోయావని అడిగింది. జేజికి కన్ను నొచ్చిందని చెప్పాను. ఆలోచించింది. మాడువాసన వస్తోందంది.

ఇప్పుడు ఆంబులెన్సుకు ఫోను చేస్తే ముగ్గురికీ చెయ్యాలి. చిన్నమామ ఫోను బయటికి తీసి, కాసేపు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కట్టెతో మిగిలిన కంపను పక్కకు తోశాడు.

"అందురూ ఇండ్లలోకి పోయి తలుపులేసుకోండి. వీళ్ళు చేనుకాడికి పోతాండారు" అని కేకేశాడు. నావైపు చూడకుండా అన్నాడు, "బిరబిరా పోండి పాపా."

తిన్నాక లేచాం. నా కూతురు చేతులు పైకెత్తింది. ఎత్తుకున్నాను, బరువు పెరిగింది. అత్త ముందు, మేం వెనక, మా సొంత వీధి నడుమన, రెండు వైపులా తలుపులు మూసుకుంటూ ఉంటే, కావాలనే మెల్లగా నడిచాం.