ఆయుధపూజ నాడు అడ్రస్ అడిగిన కంప్యూటర్

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. చాలా ఏళ్ళుగా నెట్‌వర్క్ పని చేస్తున్నాను. ఏ కంప్యూటర్ మొరాయించినా, వెతికితే వదులైన కేబుల్ గానీ, ఎవరో తొందరలో చేసిన పొరపాటు గానీ దొరుకుతుంది. ఒక్కసారి మాత్రం దొరకలేదు. దాని వల్ల నా ఉద్యోగం పోయింది కాబట్టి మర్చిపోదామన్నా కుదరడం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది హిందూపురం. బెంగళూరులో ఒక చిన్న నెట్‌వర్క్ కాంట్రాక్టర్ దగ్గర చేరాను, ఇంకా పర్మనెంట్ కాలేదు. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీకి పంపారు. పై అంతస్తులో కొత్త కటింగ్ హాలు కట్టి, పెట్టెల్లోంచి తీసిన కొత్త కంప్యూటర్లు పెట్టారు. వాటిని సర్వర్‌తో కలపడం నా పని.

పని చిన్నదే. కొత్తగా ఆన్ అయిన కంప్యూటర్‌కి తన అడ్రస్ తనకే తెలియదు. నాకో అడ్రస్ ఇవ్వండి అని కేక వేస్తుంది. ఆ కేక తన నెట్‌వర్క్ దాటి పోదు. అడ్రస్‌లు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వరేమో కింద ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంది. మధ్యలో ఈ రెండు నెట్‌వర్క్‌లనూ కలిపే రూటింగ్ స్విచ్ అనే పెట్టె ఉంది. దానిలో ఒక లైను ఆదేశం రాస్తే, అది ఆ కేకను అందుకుని సర్వర్‌కి చేరవేస్తుంది. అంతే.

అక్కడి ఐటీ మేనేజర్ నాగరాజు. బెంగళూరు కాటన్‌పేటలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు వ్యాపారుల కుటుంబం. తెలుగువాణ్ణని ఆదరించకపోగా, మొదటి రోజు నుంచీ నన్ను పురుగును చూసినట్టే చూశాడు. ఆయుధపూజ మర్నాడు హాలు మొదలు కాకపోతే నా ఉద్యోగం ఊడబీకిస్తానని అందరి ముందూ అన్నాడు.

అందుకే ఆయుధపూజ రోజునే పని పెట్టుకున్నాను. ఆ రోజు కుట్టుమిషన్ల నుంచి కత్తెరల దాకా అన్నిటికీ పసుపు, కుంకుమ, పూలు పెట్టి, గేటు ముందు బూడిదగుమ్మడికాయ కొట్టి, కరెంటు మెయిన్ దించేస్తారు. మళ్ళీ మర్నాడే ముట్టుకునేది. నెట్‌వర్క్ ఆగిందని అరిచేవాళ్ళుండరు, ఇంతకన్నా మంచి రోజు దొరకదనుకున్నాను.

సర్వర్ గదికి మాత్రం కరెంటు ఉంచమన్నాను. కటింగ్ హాలు సూపర్‌వైజర్ మునిరత్నమ్మ అప్పటికే ఆ గదిలోని స్విచ్‌కి కూడా బొట్టు పెట్టి చామంతి పువ్వు ఉంచింది. ఆ పువ్వు తీసి పక్కన పెడుతుంటే గుమ్మంలోంచే కోప్పడింది.

"పూజ చేసినాక ముట్టగూడదప్పా. ఈ దినం వాటికి సెలవు ఉండాది."

"స్విచ్‌కి సెలవులేందిక్కా" అని విసుక్కున్నాను.

లైను రాశాను. రాసీ రాయగానే కటింగ్ హాలు నుంచి అడ్రస్ కోసం రిక్వెస్ట్ వచ్చినట్టు స్క్రీన్ మీద కనిపించింది. సర్వర్ ఒక అడ్రస్ ఇచ్చింది. అవతలిది తీసుకోలేదు, మళ్ళీ అడిగింది. మళ్ళీ ఇస్తే మళ్ళీ అడిగింది. లైను పని చేస్తోంది కదా అని ముందు సంబరపడ్డాను. పైన మెయిన్ దించేసిన సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

మునిరత్నమ్మ చేత హాలు తాళం తీయించాను. కంప్యూటర్లన్నీ ఆఫ్‌లో ఉన్నాయి. పూలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కిందికొచ్చి, హాలుకి వెళ్ళే కేబుల్‌ని స్విచ్ నుంచి పీకేశాను. రిక్వెస్టులు ఆగలేదు.

అప్పుడే నాగరాజు వచ్చి స్క్రీన్ చూశాడు.

"ఏమప్పా, నా నెట్‌వర్క్‌లో నీ డబ్బా ఏదో తగిలించి ఆటలాడ్తాండావా?"

నా బ్యాగు నేల మీద బోర్లించాడు. స్విచ్ వెనక చేయి పెట్టి తడిమాడు. ఏమీ దొరక్కపోయేసరికి ఇంకా మండిపడ్డాడు.

ప్రతి కంప్యూటర్‌కీ తయారీలోనే వచ్చే సొంత నంబరొకటి ఉంటుంది, వెనక స్టిక్కర్ మీద వేసి ఉంటుంది. రిక్వెస్ట్‌లోనూ అదే వస్తుంది. ముగ్గురం పైకెళ్ళి స్టిక్కర్లన్నీ చూశాం. మునిరత్నమ్మ టేబుల్ మీది కంప్యూటర్ నంబరు సరిపోయింది. నాగరాజు దాని వైర్లు పీకి, తనే కిందికి మోసుకొచ్చి స్విచ్ పక్కన పెట్టాడు. దానికి ప్లగ్గు లేదు, కేబుల్ లేదు. నెత్తిన పువ్వు మాత్రం ఉంది. స్క్రీన్ మీద అదే నంబరు అడుగుతూనే ఉంది, మునుపటి కన్నా వేగంగా.

నాకు భయమేసింది. ఆ అడగడంలో కోపం ఉందనిపించింది.

"పండగపూట నిద్దర లేపినారు. ఊరికే ఉంటాదా?" అంది మునిరత్నమ్మ.

నేను లైను తీసేశాను. వెంటనే ఆగిపోయింది. నాగరాజు నన్ను పక్కకు నెట్టి, కంప్యూటర్ మీది పువ్వును నేలకేసి కొట్టి, ఆ లైను మళ్ళీ తనే రాశాడు. ఈసారి వచ్చింది ఒక్క నంబరు కాదు. పైన మేం చూసిన స్టిక్కర్ల నంబర్లన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడసాగాయి. హాలుకి వెళ్ళే కేబుల్ నేను పీకేసింది పీకేసినట్టే వేలాడుతోంది.

నాగరాజు ముఖం పాలిపోయింది. స్విచ్ ప్లగ్గు లాగేశాడు.

"రేపట్నించి నువ్వు రావద్దు" అన్నాడు, నా వైపు చూడకుండా.

మర్నాడు మునిరత్నమ్మ దీపం పెట్టాక, మా కాంట్రాక్టర్ పంపిన ఇంకొకతను అదే లైను రాశాడు. కంప్యూటర్లన్నీ మొదటిసారికే అడ్రస్ తీసుకున్నాయి. నాకు పని రాదని నాగరాజు చెప్పాడు. మా కాంట్రాక్టర్ నమ్మి నన్ను తీసేశాడు. పక్కనే నిలబడి అంతా చూసిన మనిషి ఆ మాట అన్నాడే అని ఇప్పటికీ కడుపు మండుతుంది.

స్విచ్ మెమరీలో పాత రిక్వెస్టులేవో మిగిలి ఉంటాయంటారు నా స్నేహితులు. ఆ కంప్యూటర్లను అప్పటిదాకా ఎవరూ ఒక్కసారి కూడా ఆన్ చెయ్యలేదు. పాతవి ఎక్కణ్ణించి వస్తాయి?

కొన్నేళ్ళకు సర్జాపుర రోడ్డులో ఒక ఆఫీసులో పని పడింది. అక్కడి ఐటీ హెడ్ నాగరాజే. ఆ రోజు సంగతి అడిగితే, "ఏమీ జరగలే. నీకు పని రాలే, అంతే" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆయన కింద పనిచేసేవాళ్ళు వేరే మాట చెప్పారు. ప్రతి ఆయుధపూజకూ సార్ అందరికన్నా ముందొస్తారట. ఎవరూ పూలు పెట్టకముందే స్విచ్‌లన్నీ తన చేత్తో ఆపేస్తారట. మర్నాడు వాటిని ఆన్ చేసేటప్పుడు మాత్రం గదిలోకి రారట.

ఆ రోజు ఏం జరిగిందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. నాకు పని రాకపోవడం వల్ల మాత్రం కాదని ఆయనకూ తెలుసు.