మడత లేని కత్తి

నా ఉద్యోగం తప్పులు పట్టడం. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పందొమ్మిదేళ్ళుగా అదే పని చేస్తున్నాను. ఇతరులు కష్టపడి రాసిన ప్రోగ్రాములు నా దగ్గరికి వస్తాయి. అవి ఎక్కడ చెడిపోతాయో కనిపెట్టి, ఇది ఇంకా బయటికి పోవడానికి వీల్లేదని చెప్తాను. ఆఫీసులో నన్నెవరూ టీకి పిలవరు. నేను పట్టించుకోనని చెప్తుంటాను కానీ కాస్త పట్టించుకుంటాను.

ఆ వేసవిలో మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది. ఇంటర్‌కి హాస్టల్లో సీటు ముందే తీసుకున్నాం. జూన్‌లో చేరితే ఇక రెండేళ్ళు పిల్ల మనది కాదు. మా తెల్లాపూర్ అపార్టుమెంట్లలో ఎవరి పిల్లలైనా అంతే కాబట్టి దాన్నెవరూ వింతగా చెప్పుకోరు. చివరి పరీక్ష రాసొచ్చిన రోజు, చెప్పులు కూడా విడవకుండా అది ఒక కోరిక కోరింది. వికారాబాద్ వైపు గుట్టల్లో ఒకాయన తన మామిడితోటలో టెంట్లు వేసుకోనిస్తాడట. హాస్టల్‌కి వెళ్ళేలోపు అక్కడ ఒక్క రాత్రి పడుకోవాలట.

"మనిద్దరమే అమ్మా. నాన్న వద్దు, గురక పెడతారు."

"నిజమే," అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా.

ఫోను కోసమో ఛార్జరు కోసమో కాకుండా, నేనే కావాలని అది అడిగి ఎన్నేళ్ళయిందో. నాకు ఒళ్ళంతా సంతోషమేసింది. పైకి మాత్రం, "ఏమేం కావాలో లిస్టు రాద్దాం," అన్నాను. అక్కడే కొంప మునిగింది.

టెంటు ఆఫీసులో ఒకతను అరువిచ్చాడు. చాపలు, టార్చి, నీళ్ళ క్యాను, దోమల మందు ఒక్క సాయంత్రంలో సమకూరాయి. లిస్టులో మిగిలింది కత్తి. బయట రాత్రి గడిపేవాళ్ళ దగ్గర మంచి కత్తి ఒకటి ఉండి తీరాలని నేను చూసిన ప్రతి వీడియోలోనూ చెప్పారు. అందులోనూ మడత లేనిది ఉండాలి. మడతకత్తిలో కీలు ఉంటుంది, కీలు ఉన్నదేదైనా ఏదో ఒక రోజు మొండికేస్తుంది. అది నాకు వెంటనే నచ్చిన వాదన.

అక్కడినుంచి ఎక్సెల్ షీటు తెరిచాను. బ్లేడులోని ఉక్కు పిడి చివరిదాకా ఒకటే ముక్కగా ఉండాలి, లేకపోతే గట్టి దెబ్బకి పిడి ఊడుతుంది. కార్బన్ ఉక్కుకి పదును బాగా నిలుస్తుంది కానీ తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదు కానీ మొద్దుబారితే సానపట్టడం కష్టం. పిడి తడిచేతిలో జారకూడదు, ఒర నడుముకి బిగుతుగా నిలవాలి. ఇరవై రెండు కత్తులు, పద్నాలుగు పరీక్షలు. ఇంత శ్రద్ధగా నేను సంబంధాలు కూడా చూసుకోలేదు, ఆ విషయం మా ఆయనే అన్నారు.

మొదటి కత్తి ఆన్‌లైన్‌లో వచ్చింది. తోటమాలి పక్కన పడేసిన కొమ్మ తెచ్చి, బాల్కనీలో దాని మీద కత్తి నిలబెట్టి, కర్రతో బ్లేడు మొద్దు అంచు మీద బాదాను. నలభయ్యో దెబ్బకి పిడి కదిలింది. తిప్పి పంపాను. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో, బాల్కనీల్లో కొబ్బరికాయలు కొట్టడం నిషేధమని ఎవరో పెట్టారు. నేనూ కింద బొటనవేలు బొమ్మ పెట్టాను. రెండోది కార్బన్ ఉక్కు. నిమ్మకాయ కోసి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా తుడవకుండా ఉంచాను. ఎర్రగా తుప్పు మరకలు లేచాయి. నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేసే మనిషిని కాదు నేను. అయినా పరీక్ష పరీక్షే కాబట్టి అదీ వెనక్కి పోయింది.

ప్రతి గురువారం మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడేది.

"ఈ శనివారమా?"

"కత్తి రాలేదమ్మా."

"అసలు మనం అక్కడ ఏం కోస్తాం?"

"అవసరం వచ్చినప్పుడు లేకపోతే?"

"ఉల్లిపాయలు కోసేది ఉందిగా."

"అది ఇంటికి."

అలా మూడు శనివారాలు పోయాయి.

ఇప్పుడు ఆలోచిస్తే కత్తి మీద నాకంత ప్రేమేం లేదు. ఆ గుట్టల్లో రాత్రంతా మా అమ్మాయితో ఏం మాట్లాడాలో నాకు తెలీదు. మార్కుల గురించి, తిండి గురించి, గదిలో బట్టల కుప్ప గురించి అయితే మాట్లాడగలను. ఆ మూడూ అయిపోయాక ఇద్దరం మొహమొహాలు చూసుకుంటామేమోనని భయం. కత్తుల గురించైతే ఎంతసేపైనా చదువుకోవచ్చు. ఈ ముక్క అప్పుడే నాకు నేను చెప్పుకుని ఉంటే ఎంత బాగుండేది.

నాలుగో వారం ఆఫీసునుంచి వస్తుంటే, రోడ్డు పక్కన టార్పాలిన్ కింద కొలిమి పెట్టుకున్న భార్యాభర్తలు కనిపించారు. ఆయన ఎర్రగా కాలిన ఇనుము పట్టుకుంటే ఆమె సమ్మెట వేస్తోంది. పాత లారీల కింద బరువు మోసే కమాను పట్టీలు పక్కన పేర్చి ఉన్నాయి. వాటితో కొడవళ్ళు, గొడ్డళ్ళు చేస్తారట. కారు ఆపి, ఫోన్లో నా షీటు తెరిచి, నాకేం కావాలో చదివాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఏం కోస్తరమ్మా దీంతోని?"

"గుట్టల్లోకి వెళ్తున్నామండి. టెంటు వేసుకుని."

"ఎన్ని దినాలు?"

"ఒక్క రాత్రి."

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె సమ్మెట దించి, నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఎవలన్న పరేషాన్ చేస్తున్నరా అమ్మా?"

"అయ్యో, లేదండి. నేనూ మా అమ్మాయీ సరదాగా వెళ్తున్నాం."

"గట్లయితే కూరగాయల కత్తి వట్టుకోని పోరాదు? బిడ్డ అడిగినప్పుడే పోవాలె," అంది ఆమె. ఆయన మాత్రం పట్టీ ఒకటి ఎంచి, గోటితో మీటి చూశాడు. "ఇగ చేయమంటే చేస్త. ఇరవై ఏండ్లు నడుస్తది. జర టైం వడ్తది, ఆదివారం రా అమ్మా."

ఇరవై ఏళ్ళు అనగానే ఆమె మాట నాకు వినపడడం మానేసింది. ఆదివారమని ఒప్పుకున్నాను.

ఆ గురువారమే కాలేజీనుంచి ఫోనొచ్చింది. "మేడం, బ్రిడ్జి కోర్సండి, ఇంటర్‌కి ముందు పెట్టే క్లాసులు. జూన్ కాదండి, ఈ ఆదివారమే చేర్చేయాలి. అందరూ వచ్చేస్తున్నారు. మీ అమ్మాయొక్కతే వెనకబడితే మమ్మల్ని అనకూడదు మరి."

రెండు కత్తుల్ని తిప్పి పంపినదాన్ని, కంపెనీలో డైరెక్టర్ల మొహం మీదే వీల్లేదని చెప్పేదాన్ని, "సరేనండి," అన్నాను. ఫోను పెట్టేశాక సిగ్గేసింది. మా అమ్మాయితో చెప్తే అది, "పర్లేదమ్మా," అని బకెట్టు, మగ్గు, తాళం కప్ప కొనడానికి బయల్దేరింది. అరిచి గోల చేసి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

శనివారం దాని సామాను సర్దడంతోనే పోయింది. దాన్ని ఆదివారం హాస్టల్లో దింపి, సోమవారం కొలిమి దగ్గరికి వెళ్ళాను. కత్తి తయారైంది. చెయ్యి చాపితే ఆయన ఇవ్వలేదు. "ఇనుము చేతికియ్యరమ్మా, తీస్కో," అని నేల మీద పెట్టాడు. వంగి తీసుకున్నాను. పిడి చివరిదాకా ఒకటే ఉక్కు, మీద కుదురైన చెక్క. వంక పెట్టడానికి ఎంత వెతికినా దొరకలేదు. బిడ్డను తీసుకుపోయారా అని ఆమె అడగలేదు. నా మొహం చూసి కొలిమి వైపు తిరిగింది.

జూలై రెండో ఆదివారం హాస్టల్ వాళ్ళు మొదటిసారి బయటికి వదిలారు. పొద్దున తొమ్మిదినుంచి ఐదు దాకా. నిమిషం ఆలస్యమైతే వచ్చే నెల ఔటింగ్ ఉండదని వార్డెనమ్మ రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటూ చెప్పింది. డిక్కీలో టెంటు, చాపలు, పులిహోర, కత్తి అన్నీ సర్దుకునే వెళ్ళాను. రాత్రి కాకపోతే పగలు. ఏం మాట్లాడాలో కూడా ఫోన్లో రాసుకున్నాను, పదకొండు విషయాలు.

మా అమ్మాయి వెనక సీట్లో కూర్చుని, "హాయ్ అమ్మా," అంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేలోపే నిద్రపోయింది. దాని బుగ్గలు లోపలికి పోయాయి. తోటకి చేరేసరికి ముసురు పట్టి చల్లగా ఉంది. టెంటుకి మేకు ఒకటి తక్కువైతే, కొమ్మ నరికి చెక్కి మేకు చేశాను. రెండు నిమిషాలు పట్టింది. కత్తి బ్రహ్మాండంగా పనిచేసింది.

మా అమ్మాయిని లేపి, నడిపించుకుంటూ తెచ్చి లోపల పడుకోబెట్టాను. సగం కళ్ళు తెరిచి, "వచ్చేశామా," అని మళ్ళీ పడుకుంది. పదకొండు దాటింది. పన్నెండు, ఒకటి, రెండు. నేను బయట చాప మీద కూర్చుని పులిహోర కాస్త తిన్నాను. ఫోన్లో రాసుకున్నవి ఒకసారి చదివి చెరిపేశాను. లేపాలని నాలుగుసార్లు లేచి, దాని మొహం చూసి వచ్చి కూర్చున్నాను. రోజుకి ఎన్ని గంటలు పడుకోనిస్తున్నారో అడగాలని కూడా నాకు ఇన్నాళ్ళూ తోచలేదు.

మూడు నలభై అయింది. తిరిగి హాస్టల్ గేటు దగ్గరికి గంటకి పైనే పడుతుంది. జిప్పు తీసి లోపలికి తల పెట్టాను. మబ్బు వెలుతురు గుడ్డలోంచి మసకమసగ్గా పడుతోంది. అది కదిలి, కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, తెల్లారిందా?"

"ఇంకా లేదు, పడుకో," అన్నాను.