మా బావ అప్పీలు

మా బావంత ప్రేమగల తండ్రి విశాఖ పోర్టు క్వార్టర్సులో మరొకడు లేడు. ఆ మాట ఆయనే చెప్పేవాడు. మా చెల్లి పాపతో మా ఇంటికొచ్చేశాక, కేసు తేలేవరకూ పాప తల్లి దగ్గరే ఉండాలనీ, తండ్రి ఆదివారాలు వచ్చి చూసుకోవచ్చనీ జిల్లా కోర్టు తాత్కాలికంగా ఆర్డరిచ్చింది. బావకు తల కొట్టేసినట్టయింది. చొక్కా కాలరు పైకి లాగి, "ఆదివారం సుట్టపుసూపుకి రావడానికి నానేటి, సుట్టాన్నా? హైకోర్టుకెల్తాను" అని కనబడినవాడికల్లా చెప్పేవాడు.

ప్లీడరుగారికి ఆదివారమే తీరిక. అందుకని బావ ఆదివారాలన్నీ ఆయన వరండాలోనే గడిపేవాడు. ఇక్కడ పాప రిబ్బన్లు కట్టించుకుని వాకిట్లో కూర్చునేది. ఒకసారి చూడలేక నేనే వెళ్లి పిలిచాను.

"బావా, పాప నీకోసం సూత్తంది. ఓపాలి రా."

ఆయన మళ్లీ కాలరు లాగాడు. "ఏటి బావా, నానిక్కడ కూకున్నది దానికోసం కాదేటి?"

అప్పీలు నెగ్గాడు, మహానుభావుడు. ఆదివారంతోపాటు శనివారం కూడా ఇచ్చారు. ప్లీడరుగారి వరండాలోనే మిఠాయి పంచి, ఇక అసలు కేసు సంగతి మాట్లాడడానికి అక్కడే కూర్చుండిపోయాడు.

ఆ వారం నుంచి పాప రిబ్బన్లు కట్టించుకుని రెండు రోజులు వాకిట్లో కూర్చునేది.