రాజవ్వ నడుముకు తోక

తెలంగాణ ఉద్యమాన్ని అయిదు నిమిషాలపాటు ఆపేసిన ఘనుణ్ని నేను. అందుకోసం పోలీసులు లాఠీలు అరగదీసుకుంటున్న రోజులవి. నాకు ఒక్క కాలింగ్ బెల్లు సరిపోయింది.

అప్పటికి కోరుట్ల గ్రంథాలయంలో సగం పుస్తకాలు చదివేశాను. మిగతా సగం నా కోసమే ఎదురుచూస్తున్నాయనుకునేవాణ్ని. ఆ పక్కనే వృద్ధాశ్రమం. అందులో ఉండే రాజవ్వ రెండుసార్లు జారిపడింది. "ఇంకోసారి పడితే దీక్ష టెంటు బంద్, మంచం దిగుడే లేదు" అని వార్డెన్ తేల్చేశాడు. జీవితమంతా బీడీలు చుట్టిన రాజవ్వకు తెలంగాణ కోసం వేసిన ఆ టెంటులో కూర్చోవడమే పండుగ.

"గన్ని బుక్కులు సదివినవ్ గదా కొడుకా, ఏమన్న జెయ్యి" అంది.

అడగడమే ఆలస్యం! నడుము నేలకు దగ్గరైతే మనిషి పడ్డట్టేనని ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివి ఉన్నాను. ఆమె నడుముకు కాలింగ్ బెల్లు బిగించిన బ్యాటరీ డబ్బా కట్టి, దాన్నుంచి మోకాళ్ల దాకా తాడు వేలాడదీసి, కొసకు ఇనుప నట్టు బిగించాను. నట్టు నేలకు ఆనితే బెల్లు మోగుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. చప్పుడు లేదు. అద్భుతం!

"తోక వెట్టినవేందిరా?"

"తోక గాదవ్వా, సైన్సు."

మర్నాడు వార్డెన్‌ను కూడా వెంటబెట్టుకుని టెంటుకు వెళ్లాం. నాయకుడు మైకు అందుకున్నాడు. రాజవ్వ నేల మీద పరిచిన జంపఖానాపై కూర్చుంది. ట్రింగ్! లేచింది, బెల్లు ఆగింది. కూర్చుంది, ట్రింగ్!

"అవ్వా, జర కూసోరాదే!" అన్నాడు నాయకుడు.

"కూసుంటేనే మోగుతాంది కొడుకా!"

"గట్లయితే నిలవడు!"

"నిలవడితే పడ్త. పడితే బంద్ వెడ్తడు మా వార్డెన్!"

అప్పుడు వెలిగింది నాకు. ఆ పుస్తకంలో జనమంతా కుర్చీల్లో కూర్చుంటారు. మాకు తినడానికైనా, బీడీలు చుట్టడానికైనా, ఉద్యమం చేయడానికైనా నేలే దిక్కు.

స్విచ్చు ఆపుదామని పరుగెత్తాను. నేల మీద పరుచుకున్న తోకలో నా కాలు ఇరుక్కుంది. తాడు ఊడింది, బెల్లు ఆగింది, నేను నాయకుడి పాదాల ముందు సాష్టాంగపడ్డాను. మణికట్టు విరిగింది. మొత్తానికి ఒక్క మనిషి నిజంగా పడితే, సరిగ్గా అప్పుడే నా యంత్రం మూగబోయింది!

రాజవ్వ టెంటు గుంజ పట్టుకుని నింపాదిగా లేచి వార్డెన్ వైపు తిరిగింది. "సార్, పడ్డది వీడు. వీన్ని మంచం దిగనియ్యకు. నాకు గీసొంటి గుంజొకటి మంచం కాడ పాతియ్యి, సాలు."

పాతించాడు. రాష్ట్రం వచ్చేదాకా ఆమె టెంటుకు వెళ్తూనే ఉంది, ఒక్కసారీ పడలేదు.

కనుక, పాఠక మహాశయులారా, చదివిన సగం గ్రంథాలయం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అవతలి మనిషి ఎక్కడ కూర్చుంటారో చూడకుండా ఇకమీదట ఎవరికీ తోక తగిలించను. ఇది నేల మీద కూర్చునే రాస్తున్నాను. లేవడానికి పక్కనే గుంజ ఉంది.